గుడి తీసిన లి

మా ఇంటిపేరు గాలి.
బత్తిలి దాటనంతవరకూ
అది వీచేదే, ఆకు కదిపేదే,
కళ్లంలో తూర్పారపట్టే వేళ
మా తాత చేట పైకెత్తి బతిమాలేదే.
దాటి గుణుపురం వచ్చామో లేదో
తిట్టు అయిపోయింది.
ఒడియాలో గాళి అంటే తిట్టే మరి.
నాలుక కాస్త మడత పడితే చాలు.

మా నాన్న గాలి తవిటయ్య
బస్టాండు పక్కన సైకిల్ షాపు పెట్టి
రెండు లిపుల్లో బోర్డు రాయించాడు.
తెలుగు చదివినవాళ్లు
చక్రాల్లో గాలి కొట్టే చోటనుకున్నారు
(అదీ నిజమే).
ఒడియా చదివిన కుర్రాళ్లు
"బండికి పది పైసలు సరే,
మనిషిని తిట్టడానికెంత మావా?" అని నవ్వారు.
నాన్న పంపు మీద వంగి లేస్తూ
"మనిషికి ఉచితం" అనేవాడు.

నాయనమ్మ లెక్క వేరు.
పిల్లకి జ్వరమొస్తే గాలి సోకిందనేది,
ఎద్దు కాలీడిస్తే గాలికుంటనేది,
పక్కింటావిడ చెప్పిపోయింది గాలిమాటనేది,
నేను సినిమాకి పోతే గాలి తిరుగుళ్లనేది.
"మన పేరు లేకుండా ఈళ్లకి
ఒక్క ఊసైనా సాగుద్దేటి?" అని
అడ్డపొగ తృప్తిగా వదిలేది.

నన్ను బడిలో వేసిన రోజు
ఉదయనాథ్ పాణిగ్రాహి మాస్టారు
కలం పట్టుకుని ఆగిపోయారు.
ఆరేళ్ల పిల్లాణ్ణి రోజూ పొద్దున్నే
తిట్టుతో పిలవడానికి నోరు రాలేదాయనకి.
లి నెత్తిమీద గుడి తీసేశారు.
గాల.
అది దయే. ఇప్పటికీ దయే అంటాను.

ఆ దయ ఎక్కడా ఒక్కలా నిలబడలేదు.
రేషను కార్డులో గాలా,
ఓటర్ల జాబితాలో గల్లా,
కరెంటు బిల్లులో గేల,
బత్తిలి పొలం పాసుపుస్తకంలో మాత్రం
తాత పిలిచిన గాలి.
నాన్న పోయాక
"గాలి తవిటయ్యా గాలా తవిటయ్యా
ఒక్క మనిషే" అని
ఇరవై రూపాయల స్టాంపు కాగితం మీద
ప్రమాణం చేశాను.
నోటరీ తలెత్తకుండా అడిగాడు, రుజువేది?
సొల్యూషన్ పూసి పూసి నల్లబడ్డ
వేళ్లు చూపిద్దామనుకున్నా.
తీరా చూస్తే అవి నావి.

మొన్న కార్తీకంలో
సుకాంతి శబర, రేషను వరసలో ఎప్పుడూ
నా ముందు నిలబడే మనిషి,
తోపుడుబండి మీంచి ఆపిల్ పండొకటి ఎత్తి
"నీ కార్డులో పేరే కదా, చూడు" అంది.
వేలిగోరంత స్టిక్కరు.
ఇంగ్లీషులో, గాలా.

పసుపు మీద ఎర్ర చారలు.
సముద్రాల అవతల ఏ చెట్టుకో
పాణిగ్రాహి మాస్టారి చేతిరాత
ఎలా అందిందో.

కేజీ రెండొందల ఇరవై.
"ఇంటివాళ్లకి కూడానా?" అన్నాను.
"ఇంటిపేరుకి తగ్గించను,
ఈ ముందు చక్రం కిర్రుమనకుండా చెయ్,
అప్పుడు చూద్దాం" అంది.

కోసుకుని తిన్నాం.
పిండిపిండిగా ఉంది.
తీపి ఆఖర్న వచ్చి
చుట్టంలా నిలబడే వెళ్లిపోయింది.
"పేరే గాని పస లేదు" అంది మా ఆవిడ.
నేను మాట్లాడలేదు.
నలభై ఏళ్లు తిట్లు తిన్న నోటితో
మా పేరునే నములుతున్నాను కదా,
దాని రుచి తేల్చడానికి
నాకు కొంచెం టైము కావాలి.

స్టిక్కరు పారేయబుద్ధి కాలేదు.
నాన్న పంపు పిడికి అంటించాను.
చివరి అక్షరం బోసిగా కనిపించి
బాల్‌పెన్నుతో దాని నెత్తిన
చిన్న వంపు గీశాను,
ఇంగ్లీషు అక్షరం మీద తెలుగు గుడి.
నిలబడుతుందో లేదో తెలీదు.
చెమట చేతులకి సిరా ఎన్నాళ్లుంటుంది.

పొద్దున్నే ఎవరో బండి దిగి
"గాలి ఉందా?" అన్నాడు.

ఉంది.
ముందు చక్రానికా, వెనకదానికా?